గీత దాకా మంచినీళ్లు
మెట్ట ఊళ్లో సీ అనిమోన్ పెంచేవారు చేయవలసినవి, చేయకూడనివి

మే నెలలో ఒక మధ్యాహ్నం దుత్తలూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, పువ్వు ముడుచుకోని రాతి సందులో దూరింది. నోరు తెరుచుకోని ఉండాది. ఏం జేసేది?" ఆ పువ్వు పెరట్లోది కాదు. వాడు హాల్లో గాజు తొట్టిలో పెంచుకుంటున్న సీ అనిమోన్. చూపుకి పువ్వే గాని అది జంతువు, జెల్లీ చేపకూ పగడానికీ దగ్గరి చుట్టం. తొట్టిలో నీళ్లెంత ఉన్నాయని అడిగాను. నిండుగానే ఉన్నాయన్నాడు. తగ్గినప్పుడల్లా ఏం పోస్తున్నావురా అని అడిగాను. "ఉప్పునీళ్లే మామా, సముద్రంలో పుట్టింది గదా!"

తప్పంతా అక్కడే ఉంది. తొట్టిలోంచి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. ఈ మాట ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనిచేసే వాళ్లనెవరినడిగినా నవ్వి చెబుతారు. వాళ్ల బతుకంతా ఆ సంగతి మీదే నడుస్తుంది. మడిలో సముద్రపు నీళ్లు పెడతారు, ఎండ నీళ్లను తీసుకుపోతుంది, ఉప్పు నేల మీద మిగులుతుంది. మా వాడు తెలియక హాల్లో ఒక చిన్న ఉప్పు మడి పెట్టుకున్నాడు. రోజూ రెండు లీటర్ల నీళ్లు ఎగిరిపోతున్నాయి, వాటి చోట రెండు లీటర్ల ఉప్పునీళ్లు చేరుతున్నాయి. కావలి వైపు రొయ్యల గుంటలున్న స్నేహితుడి దగ్గర సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటరు అడిగి తెప్పించి చూస్తే కిలో నీళ్లకు 43 గ్రాములు చూపించింది. ఉండాల్సింది 35.

దుత్తలూరు నుంచి సముద్రం, పటం మీద గీత గీసి కొలిచినా, 70 కిలోమీటర్లు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లన్నీ మెట్ట. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, మే నెలలో వడగాడ్పులు, గాలివాన వస్తే తెల్లవార్లూ కరెంటు ఉండదు. ఇలాంటి చోట సముద్రపు జీవిని పెంచడం అవసరమా అని నన్నడిగితే, మొదటి సంవత్సరం మామూలు మంచినీటి చేపలతో చెయ్యి తిప్పుకోమంటాను. ఆ తర్వాత కూడా ఆ కోరిక పోకపోతే కింద చెప్పినవి చదవండి. చల్లటి దేశాల వాళ్లు రాసిన పుస్తకాలు తొట్టిని వేడి చేసే హీటరు గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. మనకు ఆ అధ్యాయం అక్కర్లేదు. మనకు కావలసిన అధ్యాయం వాటిలో సరిగా ఉండదు.

నీళ్ల సంగతి

తొట్టి గాజు మీద నీటి మట్టం దగ్గర పర్మనెంట్ మార్కరుతో ఒక గీత గీయండి. రోజూ పొద్దున ఆ గీత దాకా ఉప్పు లేని మంచినీళ్లు పోయండి. ఒకేసారి బకెట్ కుమ్మరించకుండా, చెంబుతో నెమ్మదిగా, మోటారు నీళ్లు చిమ్మే చోట పోయండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే అది ఈ గీతే కావాలి. 100 లీటర్ల తొట్టిలో రోజుకు 2 లీటర్లు ఆవిరైపోతే, వారం పట్టించుకోకపోతే 35 ఉన్న ఉప్పుదనం 40 దాటిపోతుంది. అనిమోన్‌కు ఎముక లేదు, పెంకు లేదు. దాని ఒళ్లంతా నీళ్లే, బయటి నీళ్లు ఎలా మారితే లోపలా అలాగే మారాలి. అందుకే ఉప్పు కొంచెం ఎక్కువ తక్కువ ఉన్నా ఓర్చుకుంటుంది గాని, ఇవాళొకటి రేపొకటి అయితే ఓర్వలేదు.

ఉప్పు ఎక్కువైందని తెలిసినప్పుడు కంగారుపడి ఒక్క పూటలో దించకండి. మా వాడి తొట్టి 43 నుంచి 35కి రావడానికి ఎనిమిది రోజులు తీసుకున్నాం, రోజుకు ఒకటి చొప్పున. అనిమోన్ ఐదో రోజున సందులోంచి బయటికి వచ్చి కాస్త విచ్చుకుంది.

ఏ మంచినీళ్లు? బోరు నీళ్లు వద్దు. మన వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఎరువుల నుంచి దిగిన నైట్రేటు, కరిగిన సున్నం, సిలికా కూడా ఉంటాయి. తొట్టిలో నాచు పట్టడానికి ఇవి చాలు. ఊళ్లో మినరల్ వాటర్ ప్లాంటు నీళ్లు వాడొచ్చు, కాని కళ్లు మూసుకుని కాదు. నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, కొనుక్కోండి. క్యాను నీళ్లలో ముంచి చూడండి. తాగడానికి 60, 80 ఉన్నా ఇబ్బంది లేదు. అనిమోన్ తొట్టికి మాత్రం సున్నాకు దగ్గర ఉండాలి. ఎందుకంటే రోజూ పోసే నీళ్లలో ఉన్నది ఏదీ ఆవిరి కాదు, తొట్టిలో పేరుకుంటుంది. ప్లాంటు క్యాను నీళ్లనే ఇంట్లో చిన్న డీ-అయొనైజింగ్ రెజిన్ గొట్టం గుండా పంపితే సున్నాకు వస్తుంది. ప్లాంటులో మెంబ్రేను పాతబడితే అంకె నెల నెలకీ పెరుగుతుంది. అది కనిపెట్టడం తాగే మనకూ మంచిదే, తొట్టి పేరు చెప్పి ఇంటిల్లిపాదికీ ఒక కాపలా.

ఇక ఉప్పు. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు వద్దు, రాళ్ల ఉప్పు అసలు వద్దు. "సముద్రంలోంచి వచ్చిందే గదా రాళ్ల ఉప్పు" అంటారు. మళ్లీ మడి దగ్గరికే పోదాం. ఉప్పు గడ్డకట్టాక మడిలో చేదు నీళ్లు మిగులుతాయి, వాటిని వదిలేస్తారు. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు ఆ చేదు నీళ్లతోనే పోతాయి. కాల్షియం అంతకు ముందే వేరే మడిలో దిగిపోతుంది. మన చేతికొచ్చే రాళ్ల ఉప్పు సముద్రంలో ఒక భాగం, సముద్రం కాదు. కిలో సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే అందులో మెగ్నీషియం ఒకటిన్నర గ్రాము లోపు, కాల్షియం అర గ్రాము లోపు. కొంచెమే గాని, అవి లేకపోతే జీవి నిలబడదు. అందుకని అక్వేరియం దుకాణాల్లో దొరికే మెరైన్ సాల్టే కొనండి. 100 లీటర్లకు మూడున్నర కిలోలు పడుతుంది.

ఉప్పు కలిపేది తొట్టిలో కాదు, వేరే ప్లాస్టిక్ డ్రమ్ములో, ఒకరోజు ముందే. లోపల చిన్న మోటారు తిప్పుతూ ఉంచాలి. ఆ డ్రమ్ము కొత్తది కావాలి. పురుగుల మందు వచ్చిన డబ్బాను ఎన్నిసార్లు కడిగినా నమ్మకండి.

మైపాడుకో తుమ్మలపెంటకో పోయి నేరుగా సముద్రపు నీళ్లే తెచ్చుకుంటే? తెచ్చేవాళ్లున్నారు. నూరు లీటర్లంటే నూటరెండు కిలోల పైన బరువు, ఆర్టీసీ బస్సులో టిన్నులు ఎక్కించనివ్వరు, అది వేరే గొడవ. అసలు ఇబ్బంది ఏమంటే ఒడ్డున ముంచిన నీళ్లు సముద్రం కాదు. పెన్నా, వాగులు పారే రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను వానల్లో, తీరం దగ్గర నీళ్ల ఉప్పుదనం బాగా పడిపోతుంది. రొయ్యల గుంటల నుంచి వదిలిన నీళ్లూ అక్కడికే చేరతాయి. తీరంలో రొయ్య పిల్లల హేచరీల వాళ్లే సముద్రపు నీళ్లను వడగట్టి, క్లోరినేట్ చేసి, ఆ క్లోరిన్ మళ్లీ పోగొట్టి గాని వాడరు. వాళ్లకు లేని ధైర్యం మనకెందుకు?

రెండు వారాలకు ఒకసారి పదో వంతు నీళ్లు మార్చండి. తీసిన ఉప్పునీళ్లను నిమ్మచెట్టు మొదట్లో పోయకండి. ఇంటి ముందు చెట్టుకి నీళ్లు దొరికాయని సంబరపడి పోసి రెండు నెలల్లో ఆకు మాడ్చుకున్న పెద్దమనిషిని నాకు తెలుసు. బావి దగ్గరా వద్దు. సిమెంటు కాలవలోకి వదిలేయండి.

ఎండ, కరెంటు

అనిమోన్‌కు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు కావాలి. రోహిణి కార్తెలో మన హాల్లో గాలే 38 ఉంటుంది. నీళ్లు 31 దాటి కొన్ని రోజులు నిలిస్తే అనిమోన్ తన కణాల్లో దాచుకున్న నాచును బయటికి గెంటేస్తుంది. ఆ నాచే వెలుతురుతో వంట చేసి దానికి తిండి పెడుతుంది. నాచు పోతే పువ్వు తెల్లగా, గాజులా కనిపిస్తుంది. చాలామంది ఆ తెలుపును చూసి ఎంత అందంగా ఉందో అనుకుంటారు. అది ఆకలి రంగు.

ఇక్కడ మెట్టకు ఒక వరం ఉంది, కోస్తా వాళ్లకు లేనిది. తొట్టి మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై నీళ్లు చల్లబడతాయి. మన గాలి పొడిగా ఉంటుంది గనుక నెల్లూరు, కావలి ఇళ్లకన్నా దుత్తలూరు ఇంట్లో ఈ ఫ్యాను బాగా పనిచేస్తుంది. మూడు డిగ్రీలు దించడం కష్టం కాదు. కుండలో నీళ్లు చల్లబడే విద్యే ఇది. అయితే ఎంత చల్లబడితే అంత ఆవిరి, అంత గీత కిందికి. ఫ్యాను పెట్టినవాళ్లు పొద్దునొకసారి, సాయంత్రమొకసారి గీత చూసుకోవాలి.

ఫ్యాను చాలని రోజున నీళ్ల సీసాలు ఫ్రీజర్లో గడ్డకట్టించి, మూత బిగించి, తొట్టిలో తేలనివ్వండి. 200 లీటర్ల తొట్టిని ఒక లీటరు మంచు సీసా అర డిగ్రీ దాకా దించుతుంది. లెక్క అంతే, కాబట్టి నాలుగు సీసాలు సిద్ధంగా ఉంచుకుని, గంటకొకటి చొప్పున వెయ్యండి. విడి మంచు ముక్కలు వెయ్యకండి. అవి కరిగితే మంచినీళ్లు, ఉప్పు ఒక్కసారి పలచబడుతుంది. నీళ్లను చల్లబరిచే చిల్లరు యంత్రం కొనే స్తోమత ఉంటే కొనండి, కాని అదే డబ్బుతో గదికి ఏసీ పెట్టుకుంటే తొట్టీ చల్లగా ఉంటుంది, మీరూ నిద్రపోతారు.

తొట్టిని కిటికీ పక్కన పెట్టకండి. గోడ షెల్ఫు మీద అసలు పెట్టకండి. 200 లీటర్ల తొట్టి, రాళ్లు, ఇసుక, గాజు కలిస్తే పావు టన్ను దాటుతుంది. కడప బండ వేసిన ఇటుక దిమ్మె చవక, గట్టి, ఉప్పుకి తుప్పు పట్టదు. ఇనుప స్టాండు మెరుపు రెండేళ్లు కూడా ఉండదు.

కరెంటు పోయినప్పుడు ఏది ముందు? ఇన్వర్టరు మీద మొదటి హక్కు నీళ్లను తిప్పే మోటారుది, లేకపోతే గాలి బుడగల పంపుది. రెండోది ఫ్యాను. లైటు ఆఖరిది. ఒకరోజంతా చీకట్లో ఉన్నా అనిమోన్‌కు ఏమీ కాదు, సముద్రంలోనూ మబ్బు పట్టిన రోజులుంటాయి. కదలని నీళ్లు మాత్రం ప్రమాదం. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, పైగా రాత్రిపూట ఆ నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వడం మాని తీసుకోవడం మొదలుపెడుతుంది. అందుకని పగలు పోయిన కరెంటు కన్నా రాత్రి పోయిన కరెంటుకే ఎక్కువ భయపడాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచండి. ఏమీ లేనప్పుడు చెంబుతో నీళ్లు తీసి పైనుంచి ధారగా పోస్తూ ఉండటం కూడా వైద్యమే, గంటకు పది నిమిషాలు.

ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉన్నాయని మరిచిపోకండి. మంచినీళ్ల కన్నా ఉప్పునీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది. ప్లగ్గు బోర్డు తొట్టి కన్నా ఎత్తులో ఉండాలి. వైరు తొట్టి నుంచి బోర్డుకు పోయేలోగా ఒకసారి కిందికి వంగి పైకెక్కాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపులో రాలిపోతుంది గాని ప్లగ్గులోకి పోదు. మెయిన్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టించండి, ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చులన్నీ ఆపేయండి. బోర్డు మీద తెల్లగా ఉప్పు పొర కనిపిస్తే ఆ రోజే తుడవండి.

కొనేటప్పుడు

కొత్త తొట్టిలో అనిమోన్ వెయ్యకండి. కనీసం ఆరు నెలలు, ఏడాదైతే ఇంకా మేలు. చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడాలి. అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా, నైట్రేటు 10 దగ్గర, పీహెచ్ 8.1 నుంచి 8.4, ఆల్కలినిటీ 8 నుంచి 11 డీకేహెచ్. ఈ మాటలు విని బెదరకండి. నెల్లూరు జిల్లాలో రొయ్యలు పెంచే ఏ రైతునైనా అడగండి, పదో తరగతి చదవకపోయినా అమ్మోనియా, పీహెచ్, ఆల్కలినిటీ అంకెలు నోటికి చెబుతాడు. ఆ టెస్టు కిట్లు ఆక్వా దుకాణాల్లోనే దొరుకుతాయి. గుంటను చదవగలిగినవాడు తొట్టినీ చదవగలడు.

మొదటిసారి పెంచేవాళ్లు బబుల్ టిప్ రకమే తీసుకోండి. నోటి చుట్టూ ఉండే చేతుల కొనలు బుడగల్లా ఉబ్బి ఉంటాయి. అది తొట్టిలోనే రెండుగా చీలి పెరుగుతుంది, కాబట్టి ఎవరి తొట్టిలోనో పుట్టిన పిల్ల మీకు దొరికే అవకాశం ఉంది. సముద్రంలోంచి పీకి తెచ్చినదానికన్నా అదే గట్టిది. కార్పెట్ రకాలు, మాగ్నిఫికా రకం అందంగా ఉంటాయి, తొట్లలో త్వరగా చస్తాయి. కార్పెట్ అనిమోన్ ఐతే పక్కనున్న చేపనూ మింగుతుంది. పసుపు, గులాబీ రంగుల్లో మెరిసిపోయే అనిమోన్‌ను చూపిస్తే అనుమానించండి. నాచు పోయి తెల్లబడినదానికి రంగు ముంచి అమ్మే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. రంగురాళ్ల అంగడిలో చూసినట్టే చూడాలి.

దుకాణంలో మూడు చూడండి. నోరు బిగుతుగా మూసుకుని ఉందా, కింది పాదం చిరగకుండా ఉందా, కడ్డీతో తాకితే చేతులు అంటుకుంటున్నాయా. పాదం చిరిగితే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. గాజుకు పట్టిన పాదాన్ని గోటితో గీకి తీయనివ్వకండి, కొంచెం చల్లటి నీటి సంచిని గాజు అవతలి వైపు ఆనించి ఉంచితే అదే జరుగుతుంది.

దుకాణంవాళ్లు "పగడం కూడా తీసుకోండి సార్" అంటే చేతులు వెనక్కి పెట్టుకోండి. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. పగడాలను 2001లో ఆ చట్టంలో చేర్చారు. చచ్చిన పగడపు రాయి కూడా వద్దు.

ఇంటికి తెచ్చాక సంచిని తొట్టిలో తేలనిచ్చి, సన్నటి గొట్టంతో మీ తొట్టి నీళ్లు చుక్క చుక్కగా సంచిలోకి గంట, గంటన్నర పాటు పోనివ్వాలి. సెలైన్ ఎక్కినంత నెమ్మదిగా. లైటు మొదటి వారం సగమే వెలిగించండి.

తొట్టిలో పెట్టాక అది మీరు చూపించిన చోట కూర్చోదు. తిరుగుతుంది. పాదంతో మెల్లగా నడిచి తనకు నచ్చిన వెలుతురూ ప్రవాహమూ ఉన్న సందు వెతుక్కుంటుంది. ఆ తిరుగుడులోనే చాలా అనిమోన్లు చస్తాయి. మోటారు నీళ్లు పీల్చే చోటికి పోయి ముక్కలైపోతాయి. ప్రతి మోటారు నోటికీ మందపాటి స్పాంజి తొడగండి. అది లేని తొట్టిలో అనిమోన్ వెయ్యడమంటే పిల్లవాడున్న ఇంట్లో బావికి గట్టు కట్టకపోవడమే. ఒకచోట కూర్చున్నాక ఇక దాన్ని కదిలించకండి, హాల్లో సోఫా నుంచి బాగా కనిపించకపోయినా.

అనిమోన్ చేతుల మధ్య కాపురముండే జోకరు చేప (క్లౌన్ ఫిష్) లేకపోతే అనిమోన్ బతకదేమో అని బెంగపడకండి. చేపకు అనిమోన్ అండ. అనిమోన్‌కు చేప ఉంటే మేలే, లేకపోతే ఏమీ కాదు.

రాగి చెంబు, అగరుబత్తి, బామ్

మన ఇళ్లలో శుభ్రానికీ శుభానికీ వాడే చాలా వస్తువులు ఈ జీవికి విషం. మొదటిది రాగి. పూజకి పెట్టిన రాగి చెంబుతో, పాత ఇత్తడి బిందెతో తొట్టిలో నీళ్లు పోయకండి. ఇత్తడిలో సగం పైన రాగే. ఉప్పునీళ్లు రాగిని కరిగిస్తాయి, అనిమోన్‌కు అతి కొద్ది రాగి కూడా ప్రాణాంతకం. చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే దుకాణంవాళ్లు ఇచ్చే నీలిరంగు మందుల్లో కొన్నింటిలో రాగి ఉంటుంది. చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వైద్యం చెయ్యండి, అనిమోన్ ఉన్న తొట్టిలో ఒక్క చుక్క వెయ్యకండి.

దోమల చక్రం, దోమల లిక్విడు, బొద్దింకల స్ప్రే, సాంబ్రాణి, అగరుబత్తి ఆ గదిలో వద్దు. గాలి పంపు గదిలో గాలినే పీల్చి నీళ్లలో ఊదుతుంది. పొగాకు, మిరప, కంది చేలలో మందు కొట్టి వచ్చిన చేతులు ఎంత కడిగినా ఆ పూట తొట్టిలో పెట్టకండి. పురుగుల మందుకి ముందు తొట్టిలో రొయ్యలు, పీతలు చస్తాయి, అవి కుళ్లితే మిగతావి. జండూబామ్, తలనూనె, హ్యాండ్ శానిటైజరు కూడా అంతే.

ఉదయగిరి చెక్క గరిటెలంటే నాకు ప్రాణం. ఇంట్లో మూడు తరాలవి ఉన్నాయి. అయినా అనిమోన్‌కు మేత పెట్టడానికి ప్లాస్టిక్ పట్టకారే వాడండి. చెక్క ఉప్పునీళ్లు పీలుస్తుంది, రంగు వదులుతుంది. తొట్టిలో వాడిన ఏ వస్తువూ తిరిగి వంటింట్లోకి రాకూడదు.

మేత

వారానికి ఒకటి రెండు సార్లు చాలు. పచ్చి రొయ్యను తొక్క తీసి, మంచినీళ్లలో బాగా కడిగి, కందిగింజంత ముక్క చేసి చేతుల మీద వదిలితే, చేతులే నోటి దగ్గరికి తీసుకుపోతాయి. కడగడం ఎందుకంటే అంగట్లో రొయ్య నల్లబడకుండా మందు పట్టించి ఉండొచ్చు. ఉడకబెట్టింది వద్దు, ఉప్పు చేప వద్దు, పసుపు రాసింది వద్దు. పెద్ద ముక్క పెడితే రెండు రోజుల తర్వాత సగం అరిగింది కక్కేస్తుంది, నీళ్లు పాడవుతాయి. పాపం బక్కగా ఉంది అని అమ్మమ్మలు రోజూ పెట్టబోతారు. నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకు వచ్చిన చుట్టాలైతే చెప్పనక్కర్లేదు, మరమరాలు కూడా వేస్తారు. ఆ నాలుగు రోజులూ తొట్టి మీద గాలి ఆడే వల కప్పండి.

రోజుకొకసారి అనిమోన్ గాలి తీసిన బెలూనులా కుంచించుకుపోతుంది. లోపలి మురికి నీళ్లు వదిలి మళ్లీ ఉబ్బుతుంది. అది జబ్బు కాదు. నోరు రోజంతా తెరుచుకుని, లోపలి పొర బయటికి వచ్చి, దగ్గరికి పోతే కుళ్లు కంపు వస్తుంటే మాత్రం ఆలోచించకండి, తీసేయండి. చచ్చిన అనిమోన్ ఒక్క రాత్రిలో తొట్టినంతా అమ్మోనియాతో నింపి మిగిలిన చేపల్ని చంపుతుంది. తీశాక సగం నీళ్లు మార్చండి.

బాగా చూసుకుంటే ఎన్నాళ్లు బతుకుతుంది? స్కాట్లండులో సర్ జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో సముద్రపు ఒడ్డున ఒక అనిమోన్‌ను తెచ్చి గాజు పాత్రలో పెట్టుకున్నాడు. 1851లో ఆయన పోయాడు, అది పోలేదు. చేతులు మారి, ఎడింబరో వాళ్లు "అవ్వ" అని ముద్దుగా పిలుచుకునేదాకా బతికి, 1887లో చచ్చిపోయింది. మోటార్లూ లైట్లూ లేని రోజుల్లో 59 ఏళ్లు. అది చల్లటి సముద్రపు రకం, నాచు పెంచుకునే మన రకం కాదు, నిజమే. అయినా ఆ పాత్రలో నీళ్లు మార్చినవాళ్ల ఓపికే మనకూ కావాలి.

మన ఒంటికి

అనిమోన్ చేతుల నిండా సూది బాణాలున్న కణాలుంటాయి. బబుల్ టిప్ తాకితే అరచేతికి ఏమీ తెలియకపోవచ్చు, మణికట్టు లోపలి వైపు సన్నటి చర్మానికి మాత్రం దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. కార్పెట్ రకం ఇంకా గట్టిగా కుడుతుంది. మోచేతి దాకా చేతి తొడుగు వేసుకోండి. ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి.

మొదటిసారి ఏమీ కాలేదు గదా అని ధీమా వద్దు. ఫ్రాన్సులో చార్ల్స్ రిషే అనే శాస్త్రవేత్త సరిగ్గా అనిమోన్ విషం మీదే పరిశోధన చేశాడు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్కకు మూడు వారాల పైన ఆగి మళ్లీ కొద్దిగా ఇస్తే అది అరగంట లోపే చనిపోయింది. ఒంటికి రక్షణ పెరుగుతుందనుకున్నాడు, ఎదురు తిరిగింది. 1902లో దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టాడు, 1913లో నోబెల్ వచ్చింది. వేరుశనగకు, పెన్సిలిన్‌కు కొందరికి ఊపిరాడకుండా అయ్యే జబ్బు అదే. కాబట్టి రెండోసారి కుట్టినప్పుడే ఎక్కువ జాగ్రత్త పడాలి.

కుడితే తొట్టిలోని ఉప్పునీళ్లతోనే కడగండి, మంచినీళ్లతో కాదు. అంటుకున్న ముక్కల్ని పట్టకారుతో తీయండి, గుడ్డతో రుద్దకండి. తర్వాత చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఊపిరి పిల్లికూతలు పెట్టినా నాటు వైద్యాలు మాని 108కి ఫోన్ చేయండి. ఉదయగిరికి పోవాలన్నా ఆత్మకూరుకు పోవాలన్నా దారిలో సమయం పడుతుంది. ఆ సమయం ముందే లెక్కలో ఉండాలి.

చేతి మీద గాయం ఉంటే తొట్టిలో చెయ్యి పెట్టకండి. చేపల తొట్లలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా గాయంలో చేరి నెలల తరబడి మానని పుండు చేస్తుంది. డాక్టరుతో తొట్టి సంగతి చెప్పకపోతే ఆయనకు తట్టడం కష్టం, తప్పకుండా చెప్పండి.

నీళ్లు తీసేటప్పుడు డీజిల్ తీసినట్టు గొట్టాన్ని నోటితో పీల్చకండి. చేత్తో నొక్కే పంపు దొరుకుతుంది.

రాళ్ల మీద జొవాంథిడ్ అనే చిన్న పువ్వుల గుంపులు వస్తాయి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయి శుభ్రం చెయ్యాలని పొయ్యి మీద వేణ్ణీళ్లలో ఉడికిస్తే ఆవిరిలో ఆ విషం ఇంటిల్లిపాదినీ ఆస్పత్రికి పంపగలదు. వేరే దేశాల్లో ఇలా కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలయ్యాయి. రాయిని ఉడకబెట్టకండి, ఎండలో ఆరుబయట ఎండబెట్టండి. మన ఎండ ఆ పని బాగా చేస్తుంది.

రాళ్ల మీద గోధుమరంగు పిల్ల అనిమోన్లు పుట్టగొడుగుల్లా మొలిస్తే అవి ఎయిప్టేసియా అనే కలుపు. కత్తితో కొయ్యకండి, చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. సిరంజిలో మన నిమ్మరసం పట్టి నోట్లోకి ఎక్కిస్తే కొన్ని చస్తాయి. అన్నీ చస్తాయని మాత్రం చెప్పలేను.

అనిమోన్ అక్కర్లేదనిపిస్తే సోమశిల జలాశయంలోనూ వదలకండి, సముద్రంలోనూ వదలకండి. తీసుకునేవాళ్లకు ఇవ్వండి, లేదా దుకాణానికి తిరిగివ్వండి.

ఊరెళ్లేటప్పుడు

పది రోజులు ఊళ్లో లేకపోతే మేత సంగతి మరిచిపోండి, అనిమోన్ ఆగుతుంది. గీత ఆగదు. పక్కింటి వాళ్లకు చెప్పి, మంచినీళ్ల క్యాను తొట్టి పక్కనే పెట్టి, ఉప్పు సంచి, మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లండి. మా మేనల్లుడు ఇప్పుడు ప్రతిసారీ తొట్టికి ఒక కాగితం అంటించి పోతున్నాడు. వాళ్ల అవ్వ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో:

"అవ్వా, గీత దాకా ఈ క్యాను నీళ్లు పొయ్. ప్లాస్టిక్ చెంబుతో పొయ్, రాగిది వద్దు. తిండి పెట్టొద్దు. ఫ్యాను ఆపొద్దు. ముడుచుకుంటే భయపడొద్దు, కంపు వస్తే నాకు ఫోన్ చెయ్."